సైక్లోక్రాస్ సైకిల్‌కి క్యాంటిలీవరా, మినీ-వి బ్రేకా? ఫోర్క్ వణుకు, ఆగని వెనక బ్రేక్ – ఏం చేయాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి ఫోటోలు పెద్దవి చేసి చూశాను. తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి విషయం ముందు క్లుప్తంగా చెప్తాను. నువ్వు బెల్జియంలోని లూవెన్‌లో చదువుకుంటున్నావు. సెకండ్ హ్యాండ్‌లో ఒక సైక్లోక్రాస్ సైకిల్ (బురద, గడ్డి దారుల్లో రేసులకి వాడేది) కొన్నావు. అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్, షిమానో 105 5700 లివర్లు, టెక్ట్రో సిఆర్720 క్యాంటిలీవర్ బ్రేకులు, 33 మి.మీ. టైర్లు. రోజూ కాలేజీకి, వారాంతాల్లో హేవర్లే, మేర్‌దాల్ అడవి దారుల్లో తొక్కుతున్నావు. చలికాలంలో కొత్తవాళ్ల రేసుల్లో దిగాలని ఉంది. ముందు బ్రేక్ గట్టిగా పట్టగానే ఫోర్క్ మొత్తం దడదడలాడుతోంది, వెనక బ్రేక్ ఎంత నొక్కినా బండి సరిగా ఆగడం లేదు, తడిలో కీచుమని అరుస్తోంది. వి-బ్రేకులు వేయించాలా, మినీ-వి వేయించాలా, లేక ఇది అమ్మేసి డిస్క్ బ్రేక్ బండి కొనాలా అన్నది నీ ప్రశ్న.

బండి అమ్మకు. పెద్ద వి-బ్రేకులు అసలే కొనకు, నీ లివర్లకు అవి సరిపడవు. వెనక ఉన్న క్యాంటిలీవర్‌నే విప్పి మళ్లీ మొదటి నుంచి సెట్ చెయ్. ముందు మాత్రం మినీ-వి వెయ్, లేదా కేబుల్ హ్యాంగర్‌ను (బ్రేక్ వైరు తొడుగు వచ్చి ఆగే బ్రాకెట్) ఫోర్క్ మీదకి మార్చు. ఈ రెండింటిలో ఏది అన్నది నీ ఫోర్క్‌ను బట్టి ఉంటుంది, ఆ సంగతి తర్వాత చెప్తాను. ఈ నిర్ణయాలన్నీ లివర్ ఎంత వైరు లాగుతుందన్న ఒక్క విషయం మీదే ఆధారపడి ఉన్నాయి. అది అర్థమైతే ఏ పార్టు కొనాలో, ఏది కొనక్కర్లేదో నువ్వే తేల్చుకోగలవు.

లివర్‌ను హ్యాండిల్ దాకా నొక్కితే అది లాగే వైరు పొడవుకి ఒక హద్దు ఉంది. ఆ పొడవు అంతా బ్రేక్ దగ్గర రెండు పనులకు ఖర్చవుతుంది. మొదటిది, ప్యాడ్ రిమ్ దాకా రావడం. రెండోది, వచ్చాక రిమ్‌ను నొక్కడం. బ్రేక్ ఆర్మ్ (ప్యాడ్‌ను మోసే చెయ్యి) అమరిక వల్ల బలం ఎక్కువ వచ్చేలా చేస్తే, ప్యాడ్ ఒక మిల్లీమీటరు కదలడానికే వైరు ఎక్కువ కావాలి. అప్పుడు ప్యాడ్‌ను రిమ్‌కి బాగా దగ్గరగా పెట్టాల్సి వస్తుంది, లేకపోతే బ్రేక్ పట్టేలోపే లివర్ హ్యాండిల్‌కి తగిలేస్తుంది. ప్యాడ్‌కి, రిమ్‌కి మధ్య గ్యాప్ ఎక్కువ కావాలంటే బలం తగ్గించుకోవాలి. ఏ కంపెనీ బ్రేక్ కొన్నా ఈ లెక్క మారదు. సైక్లోక్రాస్‌లో బురద పట్టకుండా గ్యాప్ కావాలి, దిగుడులో బలమూ కావాలి. అందుకే ఈ బండ్లకి బ్రేక్ ఎంచుకోవడం రోడ్ సైకిల్ కంటే కష్టం.

క్యాంటిలీవర్‌లో ఈ లెక్క ఎక్కడ మారుతుందో చెప్తాను. లివర్ నుంచి వచ్చే వైరు కిందికి దిగి యోక్ అనే చిన్న ముక్కను పట్టుకుంటుంది. ఆ యోక్ కింద అడ్డంగా ఒక పొట్టి వైరు రెండు ఆర్ములనూ కలుపుతుంది, దాన్ని స్ట్రాడిల్ వైరు అంటారు. యోక్ ఎంత ఎత్తులో ఉందన్నది ఇక్కడ ముఖ్యం. లివర్ వైరును 20 కిలోల బలంతో లాగుతోందనుకో. స్ట్రాడిల్ వైరు ఒక్కో వైపు నేలతో 60 డిగ్రీల కోణంలో నిలువుగా ఉంటే, ఒక్కో వైపు పడే లాగుడు దాదాపు 11న్నర కిలోలు. యోక్‌ను దించి 45 డిగ్రీలకి తెస్తే 14 కిలోలు. ఇంకా దించి 30 డిగ్రీలు చేస్తే 20 కిలోలు. వేళ్ల బలం అదే, లివర్ అదే, వైరులో లాగుడు మాత్రం 60 డిగ్రీలప్పటి కంటే డెబ్బై శాతం పైగా పెరిగింది. బదులుగా ప్యాడ్ కదలడానికి లివర్ మరింత వైరు లాగాలి.

నీ ఫోటోలో వెనక యోక్ సీటు క్లాంప్ కింద ఉన్న హ్యాంగర్‌కి దాదాపు ఆనుకుని ఉంది. ముందు యోక్ కూడా అంతే. స్ట్రాడిల్ వైరు గుడి గోపురంలా నిటారుగా నిలబడింది. బండి అమ్మినవాళ్లు చక్రం సులువుగా తీయడానికో, కొత్త స్ట్రాడిల్ వైరును కత్తిరించకుండానో అలా వదిలేసి ఉంటారు. నీ వెనక బ్రేక్ బలహీనంగా ఉండటానికి సగం కారణం అక్కడే ఉంది.

సగం అని ఎందుకన్నానంటే, మిగతా సగం ఆర్ముల ఆకారంలో ఉంది. క్యాంటిలీవర్లు రెండు రకాలు. మొదటి రకంలో ఆర్ములు రెక్కల్లా బయటికి చాచుకుని ఉంటాయి. పాత ఎంపెల్లా ఫ్రాగ్‌లెగ్స్, పాల్ నియో-రెట్రో, నీ సిఆర్720 ఈ రకం. రెండో రకంలో ఆర్ములు ఫోర్క్‌కి దగ్గరగా నిటారుగా నిలబడతాయి. షిమానో బిఆర్-ఆర్550, పాల్ టూరింగ్ ఇందులోకి వస్తాయి. నిటారు రకంలో యోక్ దించితే బలం స్పష్టంగా పెరుగుతుంది. రెక్కల రకంలో అంత పెరగదు, ఎందుకంటే యోక్ దిగుతున్నకొద్దీ వైరులో లాగుడు పెరిగినా, ఆ వైరు ఆర్మ్‌ను తిప్పే దిశ పనికిరాని వైపు వాలిపోతూ ఉంటుంది. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గుతుంది. కాబట్టి నీ బ్రేకుల్లో యోక్ దించడం వల్ల తేడా తెలుస్తుంది కానీ అద్భుతాలు జరగవు. మరి రెక్కల రకం ఎందుకు చేశారంటే, బురద కోసం. ఆర్మ్‌కి, టైరుకి మధ్య మట్టి ఇరుక్కునే చోటే ఉండదు. అవిడ్ షార్టీ అల్టిమేట్ బ్రేక్‌ను వెడల్పుగానో, ఇరుకుగానో అమర్చుకునే వీలు పెట్టారు. చాలామంది ముందు ఇరుకుగా, వెనక వెడల్పుగా పెట్టుకునేవాళ్లు, ముందు బలం కావాలి, వెనక మట్టి రాలాలి. ఆ ఆలోచన నీకూ వర్తిస్తుంది.

ఇక వి-బ్రేకుల సంగతి. హైదరాబాద్‌లో గేర్ సైకిల్ తొక్కిన వాళ్లకి ఇవి బాగా తెలుసు. రెండు పొడవాటి ఆర్ములు, పక్క నుంచి వంగి వచ్చే సన్నటి లోహపు పైపు, దాన్నే మెకానిక్‌లు నూడుల్ అంటారు. 1996లో షిమానో మౌంటెన్ బైకుల కోసం ఇవి తెచ్చాక ఆ బండ్లలో క్యాంటిలీవర్లు దాదాపు కనుమరుగయ్యాయి. వీటి ఆర్ములు 102 నుంచి 110 మి.మీ. దాకా ఉంటాయి. వీటికి సరిపడే లివర్ రోడ్ లివర్ కంటే దాదాపు రెట్టింపు వైరు లాగుతుంది. నీ 105 లివర్‌కి ఇవి తగిలిస్తే రెండు ఇబ్బందులు. ప్యాడ్‌ను రిమ్‌కి వెంట్రుక వాసి దూరంలో పెట్టాలి, రిమ్ కాస్త బెండు పోయినా రాసుకుంటుంది. పైగా లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. మధ్యలో ట్రావెల్ ఏజెంట్ అనే చిన్న కప్పీ పెట్టి వైరు లాగుడు రెట్టింపు చేయొచ్చని నీకు ఎవరో చెప్పారట. పనిచేస్తుంది. కానీ వైరు ఆ చిన్న కప్పీ చుట్టూ పదేపదే వంగి పోగులు తెగుతుంది, బెల్జియం బురదలో కప్పీ పట్టేస్తుంది. రోడ్డు మీద టూరింగ్‌కైతే సరేనంటాను, నీ వాడకానికి వద్దు.

మినీ-వి అంటే అదే బ్రేక్, పొట్టి ఆర్ములు. టెక్ట్రో 926ఏఎల్‌కి 85 మి.మీ., టిఆర్‌పి సిఎక్స్8.4కి 84, సిఎక్స్9కి 90. ఆర్మ్ పొట్టిది కాబట్టి తక్కువ వైరుతోనే ప్యాడ్ రిమ్ దాకా వస్తుంది, రోడ్ లివర్‌తో నడుస్తుంది. ఇక్కడ నీ లివర్ తరం నీకు కలిసొచ్చింది. షిమానో 2008 తర్వాత తెచ్చిన రోడ్ లివర్లు, అంటే 7900, 6700, నీ 5700 మోడళ్లు, అంతకు ముందు వాటికంటే ఎక్కువ వైరు లాగుతాయి. అదే కారణంగా క్యాంటిలీవర్లతో ఇవి కొంచెం బలహీనంగా అనిపిస్తాయి, మినీ-విలతో మాత్రం చక్కగా కలుస్తాయి. నీ లివర్‌కి 90 మి.మీ. ఆర్ములైతే సౌకర్యంగా ఉంటుంది, 85 అయినా బాగానే పనిచేస్తుంది. నీ దగ్గర పాత లివర్లు ఉండి ఉంటే 85కి మించొద్దని చెప్పేవాణ్ని. ఫ్రేమ్ మీద, ఫోర్క్ మీద ఉన్న బాసులు (ఆర్ములు తగిలించే పొట్టి కడ్డీలు) క్యాంటిలీవర్‌కీ మినీ-వికీ ఒకటే, వేరే ఏమీ మార్చక్కర్లేదు.

మరి అందరూ మినీ-వి ఎందుకు వేసుకోలేదంటే, గ్యాప్ వల్ల. మినీ-విలో ప్యాడ్ రిమ్‌కి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. బెల్జియంలోనే జరిగే కొప్పెన్‌బర్గ్ క్రాస్ రేసు లాంటి చోట నవంబరు వానల్లో గడ్డీ బురదా కలిసి ముద్దయినప్పుడు ఆ గ్యాప్ కొద్దిసేపట్లోనే పూడుకుపోతుంది. కోక్సైడె రేసు ఇసుక దిబ్బల్లో గ్యాప్ అంత సమస్య కాదు కానీ ఇసుక ప్యాడ్లను తినేస్తుంది. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ 2010లో సైక్లోక్రాస్ రేసుల్లో డిస్క్ బ్రేకులకి అనుమతి ఇచ్చాక కూడా పెద్ద రైడర్లు కొన్నేళ్లు క్యాంటిలీవర్లనే వాడటం వెనక తేలిక బరువుతో పాటు ఈ బురద లెక్కా ఉంది. నువ్వు గంటల తరబడి బురదలో రేసు చేసేవాడివి కాదు. రోజూ ట్రాఫిక్‌లో, తడిసిన రాళ్ల రోడ్ల మీద ఆగాల్సినవాడివి. ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. కాబట్టి ముందు బలం వైపు, వెనక గ్యాప్ వైపు మొగ్గమంటున్నాను.

ఇప్పుడు ఆ వణుకు సంగతి. దీనికోసం చాలామంది ప్యాడ్లు మార్చి, మళ్లీ మార్చి డబ్బులు తగలేస్తారు. అసలు జరిగేది ఇది. నీ ముందు బ్రేక్ హ్యాంగర్ హెడ్‌సెట్ (ఫోర్క్ తిరిగే బేరింగులు) పైన స్పేసర్ల మధ్య ఉంది. బ్రేక్ మాత్రం కింద ఫోర్క్ కాళ్ల మీద ఉంది. మధ్యలో ఔటర్ (వైరు బయటి తొడుగు) లేని ఉత్త వైరు నడుస్తోంది. బ్రేక్ పట్టగానే నేల చక్రాన్ని వెనక్కి నెడుతుంది, ఫోర్క్ కాళ్లు, ఫోర్క్ నుంచి హ్యాండిల్ దాకా పైకి వెళ్లే స్టీరర్ ట్యూబ్ కాస్త వెనక్కి వంగుతాయి. ఆ వంపు వల్ల హ్యాంగర్‌కి, యోక్‌కి మధ్య దూరం కొద్దిగా పెరుగుతుంది. నువ్వు లివర్‌ను కదిలించకపోయినా వైరు దానంతటదే బిగుస్తుంది, బ్రేక్ ఇంకా గట్టిగా పడుతుంది, ఫోర్క్ ఇంకా వంగుతుంది. చివరికి ప్యాడ్ పట్టు జారుతుంది, ఫోర్క్ స్ప్రింగులా ముందుకి వస్తుంది, వైరు వదులవుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకి ఎన్నోసార్లు ఇదే తిరుగుతుంది. అదే నీ చేతులకి తెలిసే దడదడ.

దీనికి ముందు ఒక పరీక్ష చెయ్. బండి పక్కన నిలబడి ముందు బ్రేక్ పట్టుకుని, ఇంకో చేతి వేలిని హెడ్‌సెట్ కింది కప్పుకీ ఫోర్క్‌కీ మధ్య సందు మీద ఆనించి, బండిని ముందుకీ వెనక్కీ ఊపు. వేలికి టక్ టక్ మని కదలిక తగిలితే హెడ్‌సెట్ లూజు. అది బిగించకుండా ఏ బ్రేక్ వేసినా లాభం లేదు, అలాగే తొక్కితే బేరింగులు, కప్పులు కూడా పాడవుతాయి. బ్రేక్ ఆర్మ్ బాస్ మీద ఆడుతోందేమో కూడా అప్పుడే చూడు.

హెడ్‌సెట్ బాగుంటే మిగిలేది రెండు దారులు. నీ ఫోర్క్ క్రౌన్ (రెండు కాళ్లూ పైన కలిసే చోటు) మధ్యలో ముందు నుంచి వెనక్కి రంధ్రం ఉంటే, అక్కడ బిగించే కేబుల్ హ్యాంగర్లు దొరుకుతాయి. హ్యాంగర్ కూడా ఫోర్క్ మీదే ఉంటే, అదీ బ్రేకూ కలిసే కదులుతాయి కాబట్టి స్టీరర్ వంపు వైరును బిగించలేదు. నేను గెంట్‌లో వారాంతాల్లో ఒక చిన్న వర్క్‌షాప్‌లో పనిచేస్తాను. వణుకుతో వచ్చే క్యాంటిలీవర్ బండ్లలో చాలావాటికి ఈ ఒక్క మార్పే మందు. రెండో దారి మినీ-వి. అందులో ఔటర్ నేరుగా బ్రేక్ ఆర్మ్ దాకా వచ్చి రెండు ఆర్ములనూ ఒకదాన్ని ఇంకొకటి లాగేలా చేస్తుంది, ఫోర్క్ వంపుకి అక్కడ పనే లేదు. ప్యాడ్ ముందు అంచు ముందుగా తగిలేలా పెట్టే టో-ఇన్ వల్ల వణుకు కొంత తగ్గుతుంది కానీ పోదు, అది ప్రధానంగా కీచుకి మందు.

వెనక క్యాంటిలీవర్ సెట్టింగ్ దగ్గరికి వద్దాం. ఓపికగా చెయ్, ఒక సాయంత్రం పడుతుంది. మొదట వెనక చక్రం చూడు. రిమ్ బెండు ఉంటే తీయించు, హబ్ లూజు ఉంటే బిగించు. తర్వాత రిమ్ పక్క అంచు మీద ఒక స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకి పట్టి చూడు. బ్రేక్ పడే చోటు లోపలికి గుంటలా అరిగిపోయి ఉంటే ఆ రిమ్ ఆయుష్షు అయిపోతున్నట్టే. కొన్ని రిమ్‌లకి అరుగుదల తెలియడానికి చిన్న గుంట చుక్కో, గీతో ఉంటుంది, అది మాయమైతే రిమ్ మార్చాలి. అరిగిన రిమ్ ట్యూబ్ గాలి ఒత్తిడికి పగులుతుంది, ఈ విషయంలో రాజీ పడొద్దు.

బ్రేక్ ఆర్ములు విప్పి బాసులు తుడిచి, సన్నగా గ్రీజు రాయి. ఆర్మ్ వేలితో తోస్తే తేలిగ్గా తిరగాలి. స్ప్రింగు కొస దూరే రంధ్రాలు బాస్ దగ్గర సాధారణంగా మూడు ఉంటాయి. రెండు వైపులా ఒకే రంధ్రం వాడు, మధ్యదాంతో మొదలుపెట్టు. ఆర్మ్ బోల్టు 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు చాలు. అతిగా బిగిస్తే కొన్ని బాసుల అంచు ఉబ్బి ఆర్మ్ పట్టేస్తుంది, తర్వాత గీకి సరిచేయడం పెద్ద పని.

తర్వాత ప్యాడ్లు. వైరు ఇంకా తగిలించకు. చేత్తో ఆర్మ్‌ను రిమ్ మీదకి నొక్కి ప్యాడ్ ఎక్కడ పడుతుందో చూడు. క్యాంటిలీవర్ ఆర్మ్ తిరిగే బిందువు రిమ్ కింద ఉంటుంది, కాబట్టి ప్యాడ్ లోపలికి వస్తూ కిందికి కూడా దిగుతుంది. ప్యాడ్ అరిగేకొద్దీ ఇంకా కిందికి దిగి, ఒక రోజు రిమ్ కిందకి జారి చువ్వల్లోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే కొత్త ప్యాడ్‌ను రిమ్ బ్రేక్ పట్టీలో పై వైపుకి పెట్టాలి, టైరుకి తగలకుండా ఒక మిల్లీమీటరు కింద. టైరుకి తగిలితే మాత్రం కొన్ని రోజుల్లోనే టైరు పక్క గోడ కోసేస్తుంది. టో-ఇన్ కోసం ఒక విజిటింగ్ కార్డును మడిచి ప్యాడ్ వెనక కొస కింద పెట్టి, ఆర్మ్ నొక్కి పట్టి నట్టు బిగించు. బండి ముందుకి పోయే వైపున్న కొస ముందుగా రిమ్‌కి తగలాలి, వెనక కొసకి ఒక మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. ప్యాడ్‌కి మర ఉన్న కాడ ఉంటే, దానితో వచ్చే గుండ్రని వాషర్లు మందం, పల్చన రెండు సైజుల్లో ఉంటాయి. వాటిని అటూ ఇటూ మార్చి ఆర్మ్ ఎంత వాలాలో సరిచూసుకో. నున్నటి కాడ రకమైతే కాడను ముందుకీ వెనక్కీ జరుపుతూ అదే పని చేయొచ్చు. ఈ రెండో రకంలో ఎత్తు, దూరం, కోణం అన్నీ ఒకే నట్టు మీద ఉంటాయి, అందుకే విసుగొస్తుంది. ఒక చేత్తో ప్యాడ్ పట్టుకుని ఇంకో చేత్తో నట్టు కొద్దికొద్దిగా బిగించడమే మార్గం.

ఇప్పుడు యోక్. స్ట్రాడిల్ వైరు పొట్టిగా చేసి యోక్‌ను కిందికి దించు. టైరు పైభాగానికి, స్ట్రాడిల్ వైరుకి మధ్య రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ ఉంటే చాలు, బురద ముద్ద దాటిపోతుంది. లివర్ నొక్కి చూడు. దాని ప్రయాణంలో మూడో వంతు అయ్యేసరికి ప్యాడ్లు రిమ్‌ను తాకాలి. బలమంతా పెట్టి నొక్కినా లివర్‌కి, హ్యాండిల్‌కి మధ్య వేలు పట్టే సందు ఉండాలి. అది లేకపోతే యోక్‌ను కాస్త పైకి జరుపు, లేదా ప్యాడ్లను కాస్త దగ్గరికి తే. ఈ రెండింటి మధ్య నీకు నచ్చిన చోటు పట్టుకోవడమే సెట్టింగ్ అంటే. ఒక వైపు ప్యాడ్ ముందు తగులుతుంటే, ఆర్మ్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి ఆ వైపు స్ప్రింగు బిగించు. వెడల్పు ఆర్ములు కాబట్టి మడమ తగులుతుందేమో పెడల్ తిప్పి చూసుకో, పెద్ద పాదాలున్నవాళ్లకి ఇది నిజంగానే ఇబ్బంది.

వైరు, ఔటర్ రెండూ కొత్తవి వెయ్యి. ఔటర్ విషయంలో ఒక హెచ్చరిక. గేర్ ఔటర్‌లో తీగలు పొడవునా వరసగా ఉంటాయి, బ్రేక్ ఔటర్‌లో తీగ చుట్టలు చుట్టి ఉంటుంది. గేర్ ఔటర్ బ్రేక్ ఒత్తిడికి చీలిపోతుంది. ఇక్కడ ఒక షాపులో సర్వీసింగ్ చేయించిన బండికి ముందు బ్రేక్‌కి గేర్ ఔటర్ వేసి ఉండగా నేను పట్టుకున్నాను, కొస అప్పటికే విచ్చుకోవడం మొదలైంది. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా నల్లగా ఉంటాయి, కొస చూస్తేనే తెలుస్తుంది. కోసిన కొస చదునుగా ఆకురాయితో రుద్ది, లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోతే సూదితో తెరువు. వంపుగా కోసిన కొస నొక్కినప్పుడల్లా కాస్త కుంగుతుంది, ఆ మెత్తదనాన్ని జనం బ్రేక్ లోపం అనుకుంటారు. అన్నీ బిగించాక లివర్‌ను నీ బలమంతా పెట్టి బాగా నొక్కు. వైరు సాగి, ఔటర్ కొసలు సర్దుకుని వదులవుతుంది, మళ్లీ బిగించు.

ప్యాడ్ల ఎంపిక చిన్న విషయం కాదు, ముఖ్యంగా మీ ఊరి వానల్లో. అల్యూమినియం రిమ్‌కి కూల్‌స్టాప్ సాల్మన్ రంగు ప్యాడ్లు తడిలో బాగా పట్టుకుంటాయి, స్విస్‌స్టాప్ బిఎక్స్‌పి కూడా మంచిదే. కాట్రిడ్జ్ రకం తీసుకుంటే తర్వాత రబ్బరు ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు, సెట్టింగ్ చెదరదు. ఎప్పుడైనా కార్బన్ రిమ్‌లు కొంటే ఈ ప్యాడ్లు వాటికి వాడొద్దు, వాటి ప్యాడ్లు వేరు.

నీ ఫోటోలో ప్యాడ్ మీద మెరుస్తున్న చుక్కలు చూశావా? అవి రిమ్ నుంచి ఊడి రబ్బరులో దిగిన అల్యూమినియం ముక్కలు. తడి ఇసుక ప్యాడ్‌లోకి దిగి రిమ్‌ను గీకుతుంది, గీకిన లోహం మళ్లీ అదే ప్యాడ్‌లో ఇరుక్కుంటుంది, తర్వాత లోహమే లోహాన్ని కోస్తుంది. చక్రం తీసి, గుండుసూదితోనో సన్నటి కత్తి మొనతోనో ఒక్కొక్కటీ పెకలించు. ఒక ముక్క బియ్యపు గింజలో పావు వంతు కూడా ఉండదు కానీ రిమ్ చుట్టూ గీత పెట్టడానికి అది చాలు. తర్వాత ప్యాడ్ ముఖం మీద మెరుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్ది, రిమ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. నీ కీచులో చాలా భాగం ఇక్కడే పోతుంది, మిగిలింది టో-ఇన్ చూసుకుంటుంది. చైన్‌కి స్ప్రే కొట్టేటప్పుడు వెనక రిమ్ మీద తుంపర పడకుండా గుడ్డ అడ్డం పెట్టు.

ముందు మినీ-వి వేసేటట్టయితే హెడ్‌సెట్ దగ్గరున్న పాత హ్యాంగర్ తీసేసి, అదే మందం స్పేసర్ పెట్టి, హెడ్‌సెట్ మళ్లీ బిగించాలి. ఇది మర్చిపోతే హెడ్‌సెట్ లూజుగా ఉండిపోతుంది. లివర్ నుంచి బ్రేక్ దాకా ఔటర్ ఒకే ముక్క, హ్యాండిల్ పూర్తిగా తిప్పినా లాగకుండా, మరీ పెద్ద వంకీ పడకుండా చూసుకో. ఔటర్ మధ్యలో ఒక ఇన్‌లైన్ అడ్జస్టర్ తప్పకుండా పెట్టించు. గ్యాప్ తక్కువ కాబట్టి ప్యాడ్ కాస్త అరిగినా లివర్ లోతుగా పోతుంది, రోడ్డు పక్కన ఆగి చేత్తో తిప్పి సర్దుకోవాల్సి వస్తుంది. చక్రం తీయాలంటే నూడుల్‌ను దాని కొక్కెం నుంచి జారిస్తే ఆర్ములు తెరుచుకుంటాయి. 33 టైరు మీద వైరుకి చోటు ఉంటుంది కానీ మడ్‌గార్డ్ పెడితే ఇరుకవుతుంది, కొనే ముందు ఇది ఆలోచించుకో. వేసిన మొదటి రోజు ఖాళీ రోడ్డు మీద మెల్లగా అలవాటు చేసుకో. పాత బ్రేక్‌కి వాడిన బలం దీనికి వాడితే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. కొత్త ప్యాడ్లు వేగం నుంచి పది పదిహేనుసార్లు గట్టిగా తగ్గించాకే పూర్తిగా పట్టు చూపిస్తాయి.

ఫోర్క్ క్రౌన్ హ్యాంగర్‌తో ముందు క్యాంటిలీవరే ఉంచుకుంటే ఒక జాగ్రత్త తప్పనిసరి. ప్రధాన వైరు తెగినా, యోక్ జారినా, స్ట్రాడిల్ వైరు నేరుగా టైరు మీద పడుతుంది. నీ టైరుకి గుబ్బలు ఉన్నాయి, అవి వైరును పట్టి లాగేస్తే ముందు చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది, నువ్వు హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతావు. ముందు రిఫ్లెక్టర్ బిగించే ఇనుప బ్రాకెట్ గానీ, మడ్‌గార్డ్ గానీ ఆ వైరును టైరు దాకా పోనివ్వదు. బరువు అని ఆ బ్రాకెట్ తీసేసేవాళ్లు చాలామంది, నువ్వు తీయకు. యోక్ బోల్టు దగ్గర వైరు పోగులు తెగాయేమో కూడా తరచూ చూస్తూ ఉండు.

ఇంకొకటి, నువ్వు అడగలేదు కానీ మన దగ్గర నుంచి వచ్చినవాళ్లకి చెప్పాల్సిందే. ఇండియాలో ముందు బ్రేక్ కుడి చేతికి ఉంటుంది. బెల్జియంలో అమ్మే బండ్లకి సాధారణంగా ముందు బ్రేక్ ఎడమ చేతికి ఉంటుంది. కంగారులో చేయి పాత అలవాటు ప్రకారమే నొక్కుతుంది. వెనక బ్రేక్ అనుకుని ఎడమ లివర్ గట్టిగా పట్టి, తడిసిన రాళ్ల రోడ్డు మీద ముందు చక్రం జారి పడినవాళ్లని చూశాను. ఎలాగూ వైర్లన్నీ కొత్తవి వేస్తున్నావు కాబట్టి, కావాలంటే ముందు బ్రేక్‌ను కుడి లివర్‌కి మార్చుకో. నీ 105 లివర్లలో గేర్‌తో సంబంధం లేకుండా బ్రేక్ వైరు ఏ బ్రేక్‌కైనా పోవచ్చు. సైక్లోక్రాస్‌లో దీనికి ఇంకో లాభం కూడా ఉంది. అడ్డంకుల ముందు ఎడమ వైపుకి దిగేటప్పుడు కుడి చేయి హ్యాండిల్ వదిలి ఫ్రేమ్ పైగొట్టాన్ని పట్టుకుంటుంది, హ్యాండిల్ మీద మిగిలేది ఎడమ చేయి ఒక్కటే. ఆ చేతికి వెనక బ్రేక్ ఉంటే నిశ్చింతగా వేగం తగ్గించుకోవచ్చు. ఈ కారణంగానే ఇక్కడి క్రాస్ రైడర్లలో కొందరు కావాలని అలా మార్చుకుంటారు. కాకపోతే బండిని ఎవరికైనా తొక్కడానికి ఇచ్చేటప్పుడు ముందే చెప్పు.

మొదట వెనక బ్రేక్ యోక్ దించి ప్యాడ్లు శుభ్రం చెయ్, దానికి స్ట్రాడిల్ వైరు, కొత్త వైరు, ఔటర్ కొంటే చాలు. ఆ తర్వాత ఫోర్క్ క్రౌన్‌ను ముందు నుంచీ వెనక నుంచీ ఫోటో తీసి ఇక్కడ పెట్టు. రంధ్రం అటు నుంచి ఇటు పూర్తిగా ఉంటే హ్యాంగర్‌తో మొదలుపెడదాం, అది చవక. రంధ్రం లేకపోతే ఫోర్క్‌కి డ్రిల్ పెట్టే ఆలోచన అస్సలు చేయకు, కార్బన్ అది. నేరుగా 90 మి.మీ. మినీ-వి తెచ్చుకో, ముందు చక్రానికి ఒక్కటే.